కొండపైన ఒక అలవాటు, కొండకింద ఇంకో అలవాటు

తిరుమలకు వెళ్లేవాళ్లను అలిపిరి దగ్గర కాసేపు గమనించండి. ప్లాస్టిక్ బాటిల్ పైకి తీసుకెళ్లకూడదంటే కాస్త సణిగి పక్కన పెట్టేస్తారు, పైన జలప్రసాదం కుళాయిల దగ్గర నీళ్లు పట్టుకుంటారు, దర్శనం చేసుకుని లడ్డూలు సంచిలో వేసుకుని దిగుతారు. అదే మనుషులు, అదే రోజు సాయంత్రం, కింద బస్టాండు దగ్గర పల్చటి కవర్లో జామకాయలు కట్టించుకుని, లీటరు బాటిల్ ఒకటి కొని, తాగేసి, ఖాళీది ఎక్కడ వీలైతే అక్కడ వదిలేసి ఊరికి పోతారు. ఈ రెండింటి మధ్య వాళ్లకు కొత్తగా జ్ఞానం వచ్చిందీ లేదు, ఉన్నది పోయిందీ లేదు. మారిందల్లా చుట్టూ ఉన్న ఏర్పాటు.

పర్యావరణం గురించి మన దగ్గర వాదన వచ్చినప్పుడల్లా మనుషులు రెండు జట్లుగా విడిపోతారు. ఒక జట్టు 'ముందు నువ్వు మారు, గుడ్డసంచి పట్టుకెళ్లు, అక్కర్లేని లైట్లు ఆర్పు, లోకం దానంతటదే మారుతుంది' అంటుంది. రెండో జట్టు 'నేనొక్కడినే కవర్ మానేస్తే ఒరిగేదేముంది, అవతల ఫ్యాక్టరీలు టన్నుల లెక్కన తయారు చేస్తుంటే! పోయి వాళ్లనడుగు, ప్రభుత్వాన్నడుగు' అంటుంది. మొదటి మాట కంపెనీలకు భలే ఇష్టం, రెండో మాట మన బద్ధకానికి భలే ఇష్టం. ఈ రెండింటిలో ఏది గొప్పదో తేల్చాలని నేను కూర్చోలేదు, ఎందుకంటే అలా అడగడమే తప్పని నా అభిప్రాయం. ఫలానా సమస్యలో ఒక మనిషి అలవాటు ఎంతదూరం నడుస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది, ఆగిన చోట దానికి ఏం తోడు కావాలి అన్నది చూడాలి. సమస్య మారితే జవాబూ మారుతుంది. అందుకు మన తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల కావలసినన్ని రుజువులున్నాయి.

ముందు లోకం మొత్తం లెక్క చూద్దాం. అందరూ ఒకేసారి అలవాట్లు మార్చుకుంటే ఏమవుతుందో చూపించే పరీక్ష ఒకటి 2020లో ఎవరూ కోరుకోకుండానే జరిగిపోయింది. విమానాలు ఆగాయి, బస్సులు ఆగాయి, సినిమాహాళ్లు మూశారు, శ్రీవారి దర్శనమే మార్చి నుంచి జూన్ దాకా భక్తులకు లేకుండా పోయింది. ప్రయాణాలు మానెయ్యాలని ఎంత గొప్ప ప్రచారం చేసినా జనం ఆ స్థాయిలో మానరు కదా. అంత జరిగితే ఆ ఏడాది ప్రపంచంలో కార్బన్ డయాక్సైడ్ విడుదల తగ్గింది సుమారు 5 శాతం, మరుసటి ఏడు దాదాపు పాత స్థాయికి తిరిగి వచ్చేసింది. మిగతా 95 శాతంలో చాలా భాగం ఎక్కడిదంటే, మనం ఇంట్లో కూర్చున్నా నడుస్తూనే ఉన్న థర్మల్ కేంద్రాలు, సిమెంటు, ఉక్కు, ఎరువుల కర్మాగారాలు, సరుకు మోసే లారీలు, ఓడలు. ఇవి మన అలవాట్లలో కనిపించవు. పొద్దున లేచి 'ఈరోజు కొంచెం తక్కువ ఉక్కు వాడదాం' అని అనుకునేవాళ్లు ఎవరుంటారు?

కరెంటు సంగతీ అంతే. గదిలో మనిషి లేనప్పుడు ఫ్యాను ఆర్పడం మంచి పనే, బిల్లు తగ్గుతుంది, మా అమ్మలాంటి వాళ్లు ఏ పర్యావరణ దినోత్సవంతోనూ పని లేకుండా జీవితాంతం చేసిన పనే అది. కానీ తిరిగే ఫ్యానుకు వచ్చే కరెంటు బొగ్గుదా, ఎండదా, గాలిదా అన్నది స్విచ్ దగ్గర తేలే విషయం కాదు. దేశంలో తయారయ్యే కరెంటులో ఇప్పటికీ నాలుగింట మూడొంతులకు అటూ ఇటూగా బొగ్గుదే. మనకు పక్కనే కడప జిల్లా ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది, నెల్లూరు వైపు కృష్ణపట్నం ఉంది. ఏ కేంద్రం నుంచి ఎంత కొనాలి, ఎంత ధరకు కొనాలి, ఇంటిపైన సోలార్ పెట్టుకున్నవాడికి ఎంత లెక్క కట్టాలి అన్నవి తేల్చేది పంపిణీ సంస్థలు, విద్యుత్ నియంత్రణ మండలి. మన వైపు పంపిణీ చేసే ఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. ఛార్జీల ప్రతిపాదనల మీద నియంత్రణ మండలి ఏటా బహిరంగ విచారణ పెడుతుంది, ఎవరైనా అభ్యంతరం రాసి పంపవచ్చు, మాట్లాడతానని పేరు ఇవ్వవచ్చు. అక్కడ మాట్లాడేది ఎక్కువగా రైతు సంఘాలవాళ్లు, వామపక్షాలవాళ్లు, పరిశ్రమల ప్రతినిధులు. మార్చి నెలాఖరున ఎర్త్ అవర్ అని ఒక గంట లైట్లు ఆర్పి ఫొటోలు పెట్టేవాళ్లు అక్కడ పెద్దగా కనబడరు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. 'మీ కార్బన్ ఫుట్‌ప్రింట్ (మీ వల్ల గాలిలో కలిసే కార్బన్) ఎంతో లెక్క కట్టుకోండి' అన్న మాటను జనంలోకి అంతగా తీసుకెళ్లింది పర్యావరణ ఉద్యమం అనుకుంటాం. 2000ల మొదట్లో దాన్ని ప్రకటనల్లో పెట్టి, తమ వెబ్‌సైట్‌లో లెక్కల యంత్రం కూడా ఉంచి ఊరూరా తిప్పింది బ్రిటిష్ చమురు కంపెనీ బీపీ. పెట్రోలు తీసి అమ్మేవాడు, కొనేవాడిని పిలిచి 'నీ పాపమెంతో చూసుకో నాయనా' అన్నట్టు. దీనికంటే పాత కథ ఒకటుంది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం 1953లో, ఒకసారి తాగి పారేసే బీరు సీసాలను నిషేధిస్తూ చట్టం చేసింది. అదే ఏడాది పానీయాల కంపెనీలు, డబ్బాలు తయారు చేసే కంపెనీలు కలిసి 'కీప్ అమెరికా బ్యూటిఫుల్' అనే సంస్థ పెట్టాయి. చెత్త రోడ్డు మీద వేసేవాడే దోషి అని ఆ సంస్థ ఏళ్ల తరబడి ప్రచారం చేసింది. ఆ డబ్బాను తయారు చేసినవాడి ఊసు అందులో ఉండదు. వెర్మాంట్ చట్టం కొన్నేళ్లకే ముగిసిపోయింది.

మన ఊళ్లలో కూడా ఒకప్పుడు కూల్‌డ్రింక్ తాగితే గాజు సీసా కొట్టువాడికి తిరిగి ఇచ్చేసేవాళ్లం. ఇంటికి పట్టుకెళ్లాలంటే సీసాకు డబ్బు కట్టించుకునేవాడు. కొట్టు ముందు ఖాళీ సీసాల కేసులు పేర్చి ఉండేవి, లారీ వచ్చి ఎత్తుకెళ్లేది. అప్పట్లో మనమేమీ ఇప్పటికంటే బుద్ధిమంతులం కాదు, సీసా కంపెనీ ఆస్తి, దాన్ని వెనక్కి తెచ్చుకోవాల్సిన అవసరం కంపెనీది, అంతే. ప్లాస్టిక్ బాటిల్ వచ్చాక ఆ పని, ఆ ఖర్చు కంపెనీ నెత్తి మీద నుంచి దిగి, మునిసిపాలిటీ మీద, చెత్త ఏరుకునేవాళ్ల మీద, చివరికి మన మనస్సాక్షి మీద పడ్డాయి. తయారు చేసినవాడే వెనక్కి తీసుకోవాలి అన్న బాధ్యతను 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు, వాటికి 2022లో చేసిన సవరణలు మళ్లీ కంపెనీల మీద పెట్టాయి. ఇది కొత్త విషయం కాదు, పోగొట్టుకున్నదాన్ని తిరిగి అడగడం.

అలా తిరిగి అడిగితే పని చేస్తుందా అంటే, మన పక్కనే తమిళనాడు చూడండి. నీలగిరుల్లో మందుబాబులు తాగి అడవిలో విసిరేసిన సీసాలు పగిలి, ఏనుగుల కాళ్లకు గుచ్చుకుంటున్నాయని మద్రాస్ హైకోర్టు జోక్యం చేసుకుంది. 2022లో అక్కడి ప్రభుత్వ మద్యం దుకాణాల్లో సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీది తెచ్చిస్తే ఆ పది వెనక్కి ఇవ్వడం మొదలుపెట్టారు. సీసాలు చాలామటుకు వెనక్కి వచ్చేశాయి, పథకం తర్వాత వేరే జిల్లాలకూ పాకింది. తాగిన మనిషికి పర్యావరణం మీద తరగతి చెప్పడం ఎంత కష్టమో మనకు తెలుసు. పది రూపాయలకు ఆ పని అయిపోయింది.

మళ్లీ కొండెక్కుదాం. తిరుమలలో ఏం జరిగిందో ముక్కలుగా చూస్తే విషయం అర్థమవుతుంది. ప్లాస్టిక్ వద్దని ఒక్క బోర్డు పెట్టి ఊరుకోలేదు. కుళాయిల్లో శుద్ధి చేసిన నీళ్లు ముందే అందుబాటులో పెట్టారు. దుకాణాల్లో గాజు సీసాలో నీళ్లు అమ్మి, సీసా తిరిగిస్తే డిపాజిట్ ఇచ్చే పద్ధతి వచ్చింది. లడ్డూలకు ప్లాస్టిక్ కవర్లకు బదులు జనపనార సంచులు, 2021 ఆగస్టు నుంచి రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ తయారు చేసిన, మట్టిలో కలిసిపోయే సంచులు పెట్టారు. 2022 జూన్ నుంచి కొండ మీది హోటళ్లు, దుకాణాలన్నింటికీ నిషేధం గట్టిగా అమలైంది. అదే ఏడాది సెప్టెంబరులో ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు తిరగడం మొదలుపెట్టాయి, ఎక్కే భక్తుడికి అది డీజిల్‌దా కరెంటుదా అన్న ఆలోచనే అక్కర్లేదు, గోవిందా అని ఎక్కి కూర్చుంటే చాలు. మంచి పని చెయ్యడానికి మంచివాడు కావాల్సిన అవసరం లేకుండా చేసింది ఆ ఏర్పాటు.

అయితే ఆ ఏర్పాటు అక్కడే ఎందుకు సాధ్యమైందో కూడా చెప్పుకోవాలి, లేకపోతే 'తిరుమలలో చేశారుగా, కింద ఎందుకు చెయ్యరు' అని ఊరికే తిట్టుకుంటాం. పైకి వెళ్లేదారులు లెక్కపెట్టినన్నే ఉన్నాయి, గేటు ఉంది, దుకాణాలన్నీ ఒకే సంస్థ చేతి కింద ఉన్నాయి, దాని దగ్గర డబ్బుంది, పైగా దేవుడి కొండ అన్న భయభక్తులున్నాయి. కింద తిరుపతికి గేటు లేదు. ఎన్నో మార్కెట్లు, వేల తోపుడుబండ్లు, మూడు వైపుల నుంచి వచ్చే లారీలు. దేశమంతటా 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీబ్యాగులు 2022 డిసెంబరు చివరి నుంచి నిషేధమే. నిషేధం కాగితం మీద ఒక్కటే, అమలయ్యే తీరే వేరు. ఏ ఊళ్లో చూసినా తనిఖీ అంటే ముందు దొరికేది పూలమ్మే అవ్వ, ఇడ్లీబండి అతను. వాళ్లకు ఆ కవర్లు అమ్మిన హోల్‌సేల్ వ్యాపారి గోదాము దాకా, ఆ గోదాముకు పంపిన ఫ్యాక్టరీ దాకా వెళ్లేది ఎప్పుడో ఒకసారి. పూలమ్మే అవ్వకు బాదం ఆకు, అరిటాకు దొప్ప తెలియక కాదు, పక్క బండివాడు కవర్లో ఇస్తుంటే తను ఆకులో కట్టిస్తే బేరం పోతుంది. అందరికీ ఒకేసారి బందైతే ఆమెకే అందరికంటే సంతోషం.

ఏ సమస్య వచ్చినా నేను ముందు వేసుకునే ప్రశ్న ఒకటుంది. నేను పొదుపు చేస్తే ఆ లాభం ఎవరికి పోతుంది?

ఎల్ఈడీ బల్బు తీసుకోండి. దాన్ని వాడితే మిగిలే డబ్బు నా జేబులోనే ఉంటుంది కాబట్టి నాకు ఎవరూ నీతులు చెప్పక్కర్లేదు. అయినా 2014 దాకా ఎవరూ పెద్దగా కొనలేదు, ఎందుకంటే ఖరీదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ దేశం మొత్తానికి కలిపి కోట్లలో టెండర్లు పిలవడంతో, 2014లో ఒక్కో బల్బుకు 310 రూపాయలు పెట్టిన కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద పంచినవి 36 కోట్ల పైచిలుకు. మనం 'నేను ఎల్ఈడీకి మారాను' అని చెప్పుకుంటాం గానీ, అది నా అలవాటంటే సగమే నిజం, మిగతా సగం అందరి తరఫునా ఒకరు పోయి బేరమాడి రావడం.

బోరు సంగతి దీనికి పూర్తిగా తిరగబడింది. నేల కింద నీళ్లకు గట్లు లేవు. నేను వరిమడి మానేసి, మోటారు రెండు గంటలే వేసి నీళ్లు మిగిల్చాననుకోండి, ఆ నీళ్లు నా పొలం కింద నిలబడి నా కోసం ఎదురు చూడవు, పక్కన ఇంకా లోతుగా వేసిన బోరులోకి పోతాయి. నా పొదుపు పక్కవాడికి కానుక. అందుకని తెలివైన రైతు ఎవరైనా ఏం చేస్తాడు? తను కూడా లోతుగా వేస్తాడు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఇదే జరిగింది. గుండ్రాతి నేల, వాన తక్కువ, పెద్ద నది లేదు. మొదట ముప్పై నలభై అడుగుల బావులు, తర్వాత బావిలోనే బోరు, తర్వాత మూడొందల అడుగులు, ఆ తర్వాత వెయ్యి దాటాయి. కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని పాయింటు చూసేవాడు చెప్పిన చోట రిగ్గు దించి, అప్పు చేసి కేసింగ్ వేసి, దుమ్ము తప్ప చుక్క రాక కూలబడిన రైతు లేని ఊరు ఆ వైపు దొరకదు. వీళ్లలో ఎవరూ అత్యాశ మనుషులు కారు, ప్రతి ఒక్కరూ తన కుటుంబానికి సరైన నిర్ణయమే తీసుకున్నారు. ఇన్ని సరైన నిర్ణయాలు కలిస్తే ఊరు ఎండిపోయింది. 'నీటిని పొదుపుగా వాడండి' అన్న గోడమీద రాత ఇక్కడ ఎందుకూ పనికిరాదు.

మరి చట్టం? 2002లోనే నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చింది. బోరు వెయ్యాలంటే అనుమతి, ఉన్న బోర్లకు ఇంత దూరం, రిగ్గుల రిజిస్ట్రేషన్, అన్నీ రాశారు. రిగ్గు మాత్రం రాత్రికి వచ్చి తెల్లారేసరికి పని ముగించుకుని పోయింది. ఊళ్లో అందరికీ చప్పుడు వినిపించింది, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు, ఎందుకంటే రేపు అదే రిగ్గు తమకూ కావాలి. పైగా 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. రైతుకు అది ఎంత ఊరటో నాకు తెలుసు, తీసెయ్యమని చెప్పే ధైర్యం, ఉద్దేశం రెండూ నాకు లేవు. కానీ మోటారు ఎంతసేపు తిరిగినా ఖర్చు సున్నా అన్నప్పుడు ఆపాలన్న ఆలోచన ఎక్కణ్నుంచి వస్తుంది? డ్రిప్ వచ్చింది, 2003 నుంచి భారీ సబ్సిడీతో. మంచిదే. చాలాచోట్ల డ్రిప్‌తో మిగిలిన నీళ్లను పెట్టి ఇంకో ఎకరా టమోటా వేశారు. తీసే నీళ్లు అలాగే ఉన్నాయి, పండే భూమి పెరిగింది. రైతు ఆదాయం పెరగడం తప్పు కాదు గానీ, దాన్ని నీటి పొదుపు అని రాసుకోవడం మాత్రం అబద్ధం.

ఇక్కడ గేటు లేదు, ఒకే యజమాని లేడు, చట్టం ఉన్నా కాపలా లేదు. తిరుమల పద్ధతి ఇక్కడికి తెచ్చి పెట్టలేం. కానీ ఇలాంటి చోట కూడా ఒక పని జరిగింది, దాని గురించి మన జిల్లాలోనే చాలామందికి తెలియదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో, స్వచ్ఛంద సంస్థలు 2003 తర్వాత కొన్నేళ్ల పాటు చిత్తూరు, అనంతపురం, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో 600కు పైగా పల్లెల్లో రైతులే భూగర్భజలాలను చూసుకునే కార్యక్రమం నడిపాయి. అందులో రైతులకు డబ్బు ఇవ్వలేదు, ఏ పంటనూ నిషేధించలేదు. వానమానిక పెట్టి వాన ఎంత పడిందో ఊళ్లో వాళ్లే కొలిచారు, కొన్ని బోర్లలో నీటిమట్టం ఎంతుందో వాళ్లే తాడు దించి చూశారు, ఎంత నీరు వస్తోందో డ్రమ్ము పెట్టి లెక్క కట్టారు. యాసంగి పంటలకు ముందు అందరూ కూర్చుని, ఈ ఏడు నేలలోకి దిగింది ఇంత, వరి ఇంత వేస్తే తాగేది ఇంత, వేరుశనగ అయితే ఇంత, తేడా ఇంత అని లెక్క వేసి బోర్డు మీద అందరికీ కనబడేలా రాశారు. ఆ తర్వాత ఎవరిష్టం వారిది.

నిజానికి అదే గట్టి పని. అంతకుముందు నీళ్లు ఎందుకు తగ్గాయో ఎవరి కథ వాళ్లు చెప్పుకునేవాళ్లు, వాన లేదనో, పక్కవాడి మోటారనో, గంగమ్మకు కోపమొచ్చిందనో. బోర్డు మీద అంకె పడ్డాక మాటలకు ఒక నేల దొరికింది. ఎంతోమంది రైతులు వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మారారు, అదీ తమంతట తాము. ఇందులో వ్యక్తి అలవాటు ఏది, సమష్టి చర్య ఏది అని విడదీసి చూపించమంటే నా వల్ల కాదు. తాడు దించింది ఒక్కడే, నిర్ణయం తీసుకున్నదీ ఒక్కొక్కడే, కానీ పక్కవాడు కూడా అదే లెక్క చూశాడు అన్న నమ్మకం లేకపోతే ఎవడూ వరి మానేవాడు కాదు. ప్రాజెక్టు ముగిశాక ఆ ఊపు అన్ని ఊళ్లలో నిలవలేదు, ఆ మాట కూడా చెప్పాలి. తాడు దించే మనిషికి, బోర్డుకు రంగు వేయడానికి, మీటింగులో టీకి కూడా ఎవరో ఒకరు ఖర్చు పెట్టాలి.

మన పెద్దలు ఈ ఖర్చు సంగతి ఆలోచించారు. చెరువు కట్టినవాడికి, దాన్ని బాగు చేసేవాడికి ఆయకట్టులో కొంత భూమి దశబంధం ఇనాముగా ఉండేది. నీరుగంటి అని ఒక మనిషి ఉండేవాడు, తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ కయ్యకు ఎంతసేపు నీళ్లు అన్నది అతని పని, పంటలో అతనికి వాటా. కాలువల పూడిక తీయడానికి ఇంటికొక మనిషి రావాలి, కుడిమరామత్తు అనేవాళ్లు. దీన్ని బంగారు కాలమని పొగిడేవాళ్లతో నేను ఏకీభవించను. పార పట్టి మట్టి మోసింది ఎప్పుడూ కింది కులాలవాళ్లే, చెరువు నీళ్లలో వాటా మాత్రం భూమి ఉన్నవాళ్లది. ఆ పనికి జనం రావడం మానేస్తే 1858లో మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టమే తేవాల్సి వచ్చింది. అయినా ఒక్క విషయం మాత్రం వాళ్లు సరిగ్గా పట్టుకున్నారు. అందరి పని అంటే ఎవరి పనీ కాదని తెలిసి, ఆ పనికి ఒక మనిషిని, అతనికి ఒక జీతాన్ని పెట్టారు. ఇనాములు పోయాయి, చెరువులు ప్రభుత్వ శాఖల కిందకు వచ్చాయి, ఇంటింటికీ బోరు వచ్చింది, చెరువు నిండినా నిండకపోయినా పట్టించుకునే అవసరం పోయింది. 1997లో నీటి సంఘాల చట్టం తెచ్చి ఎన్నికలు పెట్టారు, కొన్నిచోట్ల అవి కాంట్రాక్టుల సంఘాలుగా మిగిలాయి.

పట్టించుకోని చెరువు ఏం చేస్తుందో 2021 నవంబరులో చూశాం. తిరుపతి వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి, స్వర్ణముఖి పొంగింది, కృష్ణదేవరాయల కాలం నాటిదని చెప్పే రాయలచెరువు కట్టకు లీకేజీ పడి కింది ఊళ్లవాళ్లను ఖాళీ చేయించారు. ఒక్కో కుటుంబం అప్పో సప్పో చేసి కొనుక్కున్న ప్లాటు ఒకప్పటి వాగులో ఉంటే, ఆ కుటుంబం ఎంత శ్రద్ధగా తడిచెత్త పొడిచెత్త వేరు చేసినా వాగు తన దారికి అది వస్తుంది. లేఅవుట్‌కు సంతకం పెట్టిన రోజున జరగాల్సిన పని అది.

చెత్త మాట వచ్చింది కాబట్టి, అందరికీ అనుభవమే అయినది ఒకటి. నాకు తెలిసిన ఒక ఊళ్లో మా బంధువుల అపార్ట్‌మెంటులో ఆడవాళ్లు పట్టుబట్టి రెండు డబ్బాలు పెట్టించారు. కిందికి వచ్చిన బండివాడు రెండూ ఒకే తొట్టిలో కుమ్మరించి పోయేవాడు. నెల తిరక్కముందే పైవాళ్లు కూడా ఒకే డబ్బా చేసుకున్నారు. వాళ్లను బద్ధకస్తులంటారా? తమ శ్రమ వృథా అవుతోందని కళ్లారా చూశాక ఎవరైనా మానేస్తారు. 2021 అక్టోబరు 2న మన రాష్ట్రంలో పట్టణాల్లో ఇంటింటికీ మూడు రంగుల డబ్బాలు, బండ్లు వచ్చాయి, వాటితో పాటు నెలవారీ చెత్త పన్ను వచ్చింది, జనం మండిపడ్డారు, ప్రభుత్వం మారాక 2024లో పన్ను తీసేశారు. నేనూ ఆ పన్ను మీద విసుక్కున్నవాణ్నే. కానీ వేరు చేసిన చెత్తను వేరుగా మోసే బండికి, డ్రైవరుకు, తిరుపతి దగ్గరి తూకివాకం లాంటి చోట దాన్ని శుద్ధి చేసే ప్లాంటుకు డబ్బు ఏదో ఒక జేబులోంచే రావాలి. ఇంటి పన్నులోంచా, పర్యాటకుల నుంచా, ప్యాకెట్లు అమ్మే కంపెనీల నుంచా అని అడగవచ్చు, నా ఓటు మూడోదానికి. ఎవరి నుంచీ వద్దు, ఊరు మాత్రం అద్దంలా ఉండాలంటే కుదరదు.

ఇంత చదివాక 'అంటే నా గుడ్డసంచికి విలువ లేదన్నమాట' అనుకోకండి. ఉంది, కానీ అది కిలోల్లో కొలిచే విలువ కాదు. 1974లో మోలినా, రోలండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు స్ప్రే డబ్బాల్లో వాడే సీఎఫ్‌సీ వాయువులు ఓజోన్ పొరను తినేస్తున్నాయని లెక్క కట్టి చెప్పారు. కంపెనీలు ఎగతాళి చేశాయి. అమెరికాలో జనం మాత్రం స్ప్రేలు కొనడం తగ్గించారు, అమ్మకాలు పడిపోయాయి. ఆ అమ్మకాలు పడిపోవడం వల్ల ఓజోన్ పొర బాగుపడలేదు. కానీ జనం ఇవి లేకుండా బతకగలరని తేలింది, కొత్త రకం డబ్బాలు వచ్చాయి, 1978లో అక్కడ నిషేధం పెట్టడం తేలికైంది. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొరలో రంధ్రం బయటపడేసరికి ఒక దారి అప్పటికే కొంత వేసి ఉంది, 1987లో ఈ వాయువులను తగ్గించాలని దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన దేశం వెంటనే సంతకం పెట్టలేదు. పొరను చెడగొట్టింది మీరు, ఫ్రిజ్‌లు ఇప్పుడిప్పుడే కొంటున్న మేము ఖర్చు ఎందుకు భరించాలి అని అడిగింది, పేద దేశాలకు నిధి ఏర్పాటయ్యాకే 1992లో చేరింది. ఆ పట్టు సరైనదే. ఇప్పటికీ తలసరి లెక్కలో భారతీయుడు ఏడాదికి విడుదల చేసే కార్బన్ డయాక్సైడ్ 2 టన్నుల చుట్టుపక్కల, అమెరికన్‌ది 14 చుట్టుపక్కల. మన లోపల కూడా, రేణిగుంటలో వారం వారం విమానం ఎక్కేవాణ్నీ, పలమనేరు నుంచి ఆర్టీసీ బస్సులో నిలబడి వచ్చే కూలీనీ ఒకే నినాదంతో 'నువ్వు మారాలి' అంటే ఆ కూలీ నవ్వుకుంటాడు.

అందుకని నాకున్న కొద్దిపాటి ఓపికను ఎక్కడ ఖర్చు పెట్టాలో ఎంచుకోవడం నేర్చుకున్నాను. నా ఇంట్లో కవర్లు సున్నా చెయ్యాలని కుస్తీ పట్టే బదులు, చుట్టాలింట పెళ్లి కుదిరితే కల్యాణమండపం వాళ్లతో మాట్లాడతాను. భోజనాల బల్ల మీద వరసగా పెట్టే ఆ బుల్లి వాటర్ బాటిళ్లు తీసేసి స్టీలు గ్లాసులు, క్యాన్లు పెట్టమని. ఒక్క పూటకు వందల బాటిళ్ల లెక్క అది. మండపం వాళ్లు ఒకసారి గ్లాసులు కొన్నారంటే తర్వాతి పెళ్లికి అడక్కుండానే వాటినే పెడతారు. కడగడానికి మనిషి కావాలంటారు, ఆ కూలి పెళ్లివాళ్లు ఒప్పుకోవాలి, వియ్యంకుల వైపు నుంచి 'మర్యాద తక్కువైంది' అన్న మాట ఒకటి వస్తుంది, దానికి సిద్ధపడాలి. ఇంటి పైకప్పు మీద సోలార్ కూడా ఇలాంటిదే. కాలిఫోర్నియాలో అధ్యయనం చేసినవాళ్లకు, ఒక వీధిలో ఒకరు పలకలు పెడితే పక్కవాళ్లు పెట్టడం ఎక్కువవుతుందని తేలింది. మన దగ్గర 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది, కాగితాల గొడవ ఎలా దాటాలో ముందు పెట్టించుకున్నవాడు పక్కింటివాడికి కూర్చోబెట్టి చెప్పడమే అన్నిటికంటే పెద్ద ప్రచారం.

పల్లెల్లో అయితే ఇప్పుడు తాడు దించి కొలవక్కర్లేదు. నేల కింద నీటిమట్టం కొలిచే భూగర్భజల శాఖ ఫిజోమీటర్లు మండలాల్లో ఉన్నాయి, నీటిమట్టం ఎన్ని మీటర్ల లోతుకు పోయిందో రాష్ట్ర జలవనరుల సమాచార వెబ్‌సైట్‌లో ఎవరైనా ఫోన్‌లో చూసుకోవచ్చు. గ్రామసభ ఎజెండాలో రోడ్లు, పింఛన్లు, ఉపాధి పనులు ఉంటాయి. నవంబరులో, యాసంగి నారు పోయకముందు, ఆ ఒక్క అంకెను మైకులో చదివించమని అర్జీ పెట్టడానికి ఒక తెల్లకాగితం చాలు. దాని మీద ఊళ్లో నలుగురు కలిసి సంతకం పెడితే కార్యదర్శి కాదనడం కష్టం.